జాకెట్లు కుట్టే ఆమె, రాత్రి ఫోను: ఆరు నెలల కేస్ స్టడీ

పట్టుచీరతో వచ్చే జాకెట్టు ముక్క ఒక్కటే ఉంటుంది. అది పాడైతే అలాంటిది ఇంకోటి దొరకదు. జ్యేష్ఠమాసంలో ఒక పెళ్లికూతురి జాకెట్టుకు చేతులు కత్తిరిస్తూ ఆమె గుడ్డను తలకిందులుగా పరిచింది. చేతి అంచున రావలసిన జరీ భుజం వైపు పోయింది. ఇరవై ఏళ్లుగా కుడుతున్న చెయ్యి ఆమెది. ముందు రాత్రి రెండింటి దాకా వీడియోలు చూసి, అయిదున్నరకే లేచి, పదకొండుకు కత్తెర పట్టుకుంది. చీర వాళ్లు నానా మాటలూ అన్నారు, డబ్బు కట్టించుకున్నారు. కానీ ఆమెను భయపెట్టింది అది కాదు. కత్తిరించాక కూడా ఆ తప్పు తన కంటికి కనబడలేదు. చేతులు అతికేటప్పుడు గానీ తెలియలేదు.

పది రోజుల తర్వాత, ఆషాఢం మొదట్లో, నా దగ్గరికి వచ్చింది. నేను గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. మెడనొప్పికి, నీరసానికి చూస్తున్న డాక్టరుగారు ఆమె నిద్ర సంగతి విని నా దగ్గరికి పంపారు. ఈ కేసు ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. పేరు పెట్టకుండా "ఆమె" అనే రాస్తాను.

వయసు 39. ఇంటి ముందుగదే కుట్టు దుకాణం. జాకెట్లు, ఫాల్, పికో, సీజన్లో మగ్గం పని. భర్త రాత్రిపూట దూరప్రయాణం బస్సు నడుపుతాడు, ఒక రాత్రి ఇంట్లో ఉంటే రెండు రాత్రులు రోడ్డు మీద. కూతురు ఇంటర్, హాస్టల్లో. కొడుకు పదో తరగతి. అత్తగారికి బీపీ. మొదటి రోజు ఆమె అడిగింది ఒకటే. "ఫోను మాన్పించే మందేదైనా ఉందా మేడమ్?"

ఏం కొలిచాం

మొదటి రెండు వారాలు ఏమీ మార్చవద్దని చెప్పి, నిద్ర డైరీ మాత్రం రాయమన్నాను. పడుకునే వేళ సగటున 10:45. ఫోను పక్కన పెట్టే వేళ 1:40. లేచే వేళ 5:30. అంటే నిద్ర నాలుగు గంటలు కూడా లేదు. ఫోను తానే వేసే లెక్క చూస్తే రోజుకు సగటున 5 గంటల 50 నిమిషాలు. అందులో వాట్సాప్‌లో వచ్చే డిజైన్లు, డబ్బు లావాదేవీలు, కూతురితో మాటలు కలిపితే గంటా పావు. మిగతాదంతా రీల్స్, షార్ట్స్.

నిద్రలేమి తీవ్రతను కొలిచే ఐఎస్ఐ ప్రశ్నావళిలో 28కి 17 వచ్చింది. 15 నుంచి పైన ఉంటే వైద్యం కావలసిన స్థాయి. స్మార్ట్‌ఫోన్ వాడకానికి ఎస్‌ఏఎస్ చిన్న ప్రశ్నావళిలో 60కి 41. ఆడవాళ్ల విషయంలో 33 దగ్గర గీత గీస్తారు. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 9. తేలికపాటిది. చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయా అని రెండు రకాలుగా, రెండు రోజులు అడిగాను. లేవు. ఉండి ఉంటే ఫోను సంగతి పక్కన పెట్టి ముందు సైకియాట్రిస్టు దగ్గరికి పంపేదాన్ని. అయినా మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఆమె డైరీ మొదటి పేజీలో రాసిచ్చాను. అది అందరికీ రాసిస్తాను.

థైరాయిడ్ మామూలుగానే ఉంది. గురక లేదు, రాత్రిళ్లు కాళ్లు లాగడం లేదు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 6.1. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడి ఉన్నట్టు. ఆమె తల్లికి షుగరు ఉంది.

కాగితం మీద ఏమని రాయాలి అన్నది ఇలాంటి కేసుల్లో చిన్న విషయం కాదు. "ఫోన్ అడిక్షన్" అని రాసేస్తే ఇంట్లోవాళ్లు ఆ మాటనే పట్టుకుంటారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది గానీ, రీల్స్ చూడడానికి విడిగా జబ్బు పేరు లేదు. నేను "నిద్ర చాలకపోవడం, పడుకునే వేళను ఫోనుతో వెనక్కి నెట్టుకోవడం" అని రాశాను. ఆ మాట చదివి ఆమె కాస్త తేరుకుంది. తాగుబోతుల వరసలో తనను చేర్చలేదని ఆమెకు అనిపించిందట. తర్వాతెప్పుడో చెప్పింది.

ఎలా మొదలైంది

2020 లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగిపోయాయి. మిషను మీద దుప్పటి కప్పేసింది. భర్త బస్సూ ఆగింది. అప్పుడే కూతురు ఆమె ఫోన్లో టిక్‌టాక్ పెట్టింది. జూన్ నెలాఖరులో టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశానికి వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్. ఒక కొట్టు మూసేస్తే పక్క కొట్టుకు వెళ్లినట్టు ఆమె అలవాటు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారింది. పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి, పని పెరిగింది. అలవాటు పోలేదు, రాత్రిలోకి జరిగింది.

వీడియోలు ఎందుకు ఆపలేమో ఆమెకు మిషను భాషలో చెప్పాను. బాబిన్‌లో దారం అయిపోతే మిషను ఖాళీగా ఆడుతుంది, ఆగి చూస్తాం. పుస్తకానికి పేజీ ఉంది, సీరియల్‌కు ఎపిసోడ్ ఉంది. వేలితో నెట్టే కొద్దీ వచ్చే ఈ తెరకు మాత్రం అయిపోవడం లేదు. 2006లో ఈ అంతులేని స్క్రోల్‌ను రూపొందించిన అజా రాస్కిన్ తర్వాతి కాలంలో దాని గురించి పశ్చాత్తాపం చెప్పుకున్నాడు. పైగా ప్రతి వీడియో బాగుండదు. పదిలో ఏదో ఒకటి బాగుంటుంది, అది ఏదో ముందుగా తెలియదు. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి కోసం చేసే పనిని మానడం అన్నిటికంటే కష్టమని మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల నుంచి మాకు తెలుసు.

తెర నుంచి వచ్చే నీలి కాంతి నిద్ర చెడగొడుతుందంటారు కదా అని ఆమే అడిగింది. ఆమె ఫోన్లో పసుపు వెలుగు అప్పటికి ఏడాదిగా ఆన్ అయి ఉంది. నిద్ర గంటలు మారలేదు. ఈ కేసులో నేను దాన్ని పట్టించుకోలేదు.

మొదటి ప్రయత్నం

రాత్రి పదింటికి ఫోను ముందుగదిలో ఛార్జింగ్‌కు పెట్టడం. తెరను నలుపు తెలుపుల్లోకి మార్చడం. రీల్స్‌కు రోజుకు ముప్పై నిమిషాల హద్దు. ఇవి ఏ పుస్తకంలోనైనా ఉండే ఉపాయాలే, చాలామందికి పనికొస్తాయి కూడా. ఆమె తలూపింది.

రెండు వారాల తర్వాత తెచ్చిన డైరీ చక్కగా ఉంది. మరీ చక్కగా ఉంది. పద్నాలుగు రోజులూ ఒకటే పెన్ను, ఒకటే ఒత్తిడి, ప్రతి రాత్రీ 10:30. కళ్ల కింద నలుపు అలాగే ఉంది. నేను డైరీ మూసి పక్కన పెట్టి, "ఇది ఎప్పుడు రాశారమ్మా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "బస్సులో వస్తా రాశా మేడమ్. మీరు బాధపడతారని," అని ఏడ్చింది.

నిజానికి నాలుగు రాత్రులు ఫోను ముందుగదిలోనే ఉంది. నాలుగో రాత్రి భర్త పన్నెండున్నరకు దారిలో బస్సు ఆపినప్పుడు చేసిన ఫోను ఆమె ఎత్తలేదు. అతను కంగారుపడి పక్కింటివాళ్లకు చేశాడు. అర్ధరాత్రి తలుపు కొట్టారు. అయిదో రాత్రి నుంచి ఫోను దిండు కిందికి వచ్చింది.

ఈ ఓటమి నాదే. అది ఉత్త ఆటవస్తువు కాదని, కాపురం, వ్యాపారం, కూతురు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయని నాకు ముందే తెలిసి ఉండాల్సింది. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి నేను అడగనే లేదు. ఆ రోజు అడిగాను. "ఆ నాలుగు రాత్రులూ ఫోను లేనప్పుడు ఎలా ఉంది?"

ఆమె జవాబు నా నోట్సులో అలాగే రాసుకున్నాను. "పగలంతా అందరి కొలతలూ తీసుకుంటాను మేడమ్. రాత్రి పదకొండయ్యాక ఒక్క గంట నాది. అది కూడా మీరు తీసుకున్నట్టు అనిపించింది."

ఆ గంట ఎవరిది

ఇక్కడి నుంచి వైద్యం దారి మారింది. ఆమె రోజును గంటగంటకూ కాగితం మీద గీశాం. ఉదయం అయిదున్నర నుంచి రాత్రి పదీ నలభై దాకా, అంట్లు తోమి, అత్తగారికి మాత్ర ఇచ్చి, కొడుకు గదిలో లైటు ఆర్పేదాకా, ఎవరూ "అమ్మా" అనో "అక్కా" అనో "ఏమే" అనో పిలవని పావుగంట ఒక్కటి కూడా దొరకలేదు. స్నానాల గదిలో ఉన్నప్పుడూ కస్టమర్లు గుమ్మంలో నిలబడి పిలుస్తారు. అందరూ పడుకున్నాక మాత్రమే ఆమెకు సమయం మిగులుతోంది. ఆ సమయానికి ఆమెలో ఓపిక మిగలడం లేదు. ఓపిక లేని మనిషి చేతికి అందేది ఫోను ఒక్కటే.

కాబట్టి ఫోను తీసేయడం కాదు, ఆ గంటను రాత్రి నుంచి సాయంత్రానికి జరపాలి. మాట చెప్పుకోవడం తేలిక. ఎనిమిదో సిట్టింగుకు భర్తనీ అత్తగారినీ పిలిచాను.

సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఈమెను ఎవరూ పిలవకూడదు, కాలువ గట్టు మీద పక్కింటావిడతో నడిచి వస్తుంది అన్నాను. అత్తగారు మెత్తని మనిషి, కోడలంటే ప్రేమ ఉంది. కానీ ఆమె అన్న మాట ఇది. "రాత్రి ఫోను చూసుకుంటే చూసుకుంది. పొద్దుగూకాక కోడలు ఇల్లొదిలి గట్టెమ్మట తిరిగితే నలుగురూ ఏమనుకుంటారమ్మా?"

ఈ కేసు మొత్తంలో నాకు కళ్లు తెరిపించిన మాట అదే. రాత్రి ఫోను వల్ల ఇంట్లో ఎవరికీ నష్టం లేదు. అన్నం వేళకు అందుతుంది, మాత్ర వేళకు పడుతుంది. నష్టం ఆమె ఒంటికి మాత్రమే. సాయంత్రపు గంటకు మాత్రం ఇంటిల్లిపాదీ తలా కాస్త ఇవ్వాలి. అందుకే అయిదేళ్లుగా ఆ అలవాటును అందరూ తిట్టారు గానీ ఎవరూ అడ్డుపడలేదు. ఆడవాళ్ల ఫోను అలవాటు గురించి నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఈ లెక్క మళ్లీ మళ్లీ కనబడుతోంది.

భర్త చాలాసేపు నేల చూస్తూ కూర్చుని, "నేనెప్పుడన్నా వద్దన్నానా? అడగలేదుగా," అన్నాడు. ఆమె, "అడగొచ్చని నాకు తెలీదు," అంది. ఆ రెండు మాటల మధ్య నేనేమీ మాట్లాడలేదు.

బేరం ఇలా కుదిరింది. దుకాణం ఏడింపావుకు మూత. కూర సాయంత్రం అయిదుకే వండేస్తుంది. భర్త క్యారేజీ ఎలాగూ ఆ వేళకే కట్టాలి. కుక్కర్లో బియ్యం పెట్టడం కొడుకు పని. అత్తగారు ఎనిమిదింటికి తనే పెట్టుకు తింటానని ఒప్పుకుంది, ఒక షరతు మీద: పక్కింటావిడ రాని రోజు కోడలు గట్టుకు పోకూడదు, డాబా మీదే ఉండాలి. ఆ షరతు నాకు నచ్చలేదు. ఆమె మాత్రం "అది చాలు మేడమ్" అంది, కాబట్టి రాసుకున్నాం.

భర్త కీప్యాడ్ ఫోను ఒకటి కొని తెచ్చాడు. ఆ నంబరు ముగ్గురికే తెలుసు: భర్తకు, కూతురికి, హాస్టల్ వార్డెన్‌కు. అది మంచం పక్కన, స్మార్ట్‌ఫోను ముందుగదిలో మిషను సొరుగులో. రాత్రి ఫోన్ల గొడవ ఆ రోజుతో తీరింది. అప్పటిదాకా నేను చెప్పిన ఏ ఉపాయం కంటే ఈ కీప్యాడ్ ఫోనే ఎక్కువ పని చేసింది. డిజైన్ల మెసేజ్‌లకు జవాబులు పగలు పదకొండుకు ఒకసారి, నాలుగింటికి ఒకసారి. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు పోతారని భయపడింది. ఎవరూ పోలేదు.

మంచం, నిద్ర, వత్తులు

అయిదేళ్లు మంచం మీద ఫోను చూసిన మనిషికి మంచమెక్కగానే మెదడు మేలుకుంటుంది. మనస్తత్వవేత్త బూట్జిన్ 1972లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ నిద్ర వైద్యానికి వెన్నెముక: మంచం నిద్రకు మాత్రమే, ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, నిద్ర తూగినప్పుడే మళ్లీ మంచమెక్కాలి, లేచే వేళ మాత్రం మారకూడదు. పడుకునే వేళ మొదట్లో 11:30 పెట్టాను, లేవడం 5:30. మంచం మీద గడిపే సమయాన్ని ఇంకా కుదించే పద్ధతి ఉంది. కానీ ఆమె స్కూటీ నడుపుతుంది, రోజంతా సూది దగ్గర వేళ్లు పెడుతుంది. ఆరు గంటల కంటే తగ్గించే ధైర్యం నేను చేయలేదు. నిద్ర కుదిరే కొద్దీ వారానికి పావుగంట చొప్పున ముందుకు జరిపాం.

లేచి కూర్చున్నప్పుడు ఏం చేయాలన్నది చిక్కు. పుస్తకం అలవాటు లేదు. చేతికుట్టు పెట్టుకుంటే పని గుర్తొస్తుంది, మసక వెలుతురులో కళ్లకూ మంచిది కాదు. ఆమెకు ఇబ్బంది అంతా చేతుల్లోనే ఉంది: బొటనవేలు దానంతటదే పైకి నెడుతున్నట్టు ఆడేది. ఒక రాత్రి అత్తగారి పత్తి బుట్ట తీసుకుని వత్తులు చేస్తూ కూర్చుందట. చేతికి పని, బుర్రకు పని లేదు. ముప్పై వత్తులకు నిద్ర వచ్చింది. పాత అలవాటు వాడుకునే కండరాలకే ఇంకో పని ఇవ్వాలని అజ్రిన్, నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1973లో అలవాట్ల చికిత్స గురించి రాశారు. వత్తుల ఆలోచన మాత్రం పూర్తిగా ఆమెదే. కార్తీకానికి ఇంట్లో వత్తులు కొనాల్సిన అవసరం రాలేదు.

సాయంత్రపు గంట మొదట్లో ఏమీ బాగాలేదు. గట్టు మీద నడక నచ్చింది గానీ, డాబా మీద ఒంటరిగా ఉండాల్సిన రోజుల్లో, "ఖాళీగా కూర్చోవడం చేతకావట్లేదు మేడమ్, తప్పు చేస్తున్నట్టుంది," అనేది. కూర్చోమనే చెప్పాను. మూడో వారంలో గళ్ల పుస్తకం ఒకటి కొనుక్కుని ముగ్గులు వేయడం మొదలుపెట్టింది. పెళ్లికి ముందు వేసేదట. తర్వాత ఆ ముగ్గుల్లోంచే రెండు మగ్గం డిజైన్లు పుట్టాయి.

"ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందంట కదా?" అని ఆమె ఒకసారి అడిగింది, అదీ ఏదో రీల్‌లో విన్నదే. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా వేశారు. ఒక రోజు తప్పినంత మాత్రాన మొదటికి రాలేదు. ఆ చివరి మాటను ఆమె చేత డైరీలో రాయించాను. త్వరలోనే అవసరం పడింది.

భాద్రపదం

శ్రావణమాసం బాగా గడిచింది. చేతినిండా పని, అయినా 11:15కు నిద్ర. భాద్రపదంలో ముహూర్తాలు లేవు, మిషను ఖాళీ. సరిగ్గా అప్పుడే కూతురికి డెంగీ. రెండు రాత్రులు ఆసుపత్రిలో పిల్ల పక్కన కూర్చుని ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఎదురుచూస్తూ ఆమె మళ్లీ రీల్స్ తెరిచింది. పిల్ల కోలుకుని ఇంటికి వచ్చినా ఫోను సొరుగులోకి వెళ్లలేదు. పదకొండు రోజులు. ఒక రాత్రి 2:20.

తొమ్మిదో రోజు ఆమె నాకు ఫోను చేసింది. "డైరీ రాస్తన్నా మేడమ్, నిజమే రాస్తన్నా," అంది. మొదటిసారికీ ఇప్పటికీ తేడా ఆ వాక్యంలోనే ఉంది. అన్నీ మళ్లీ మొదలుపెట్టలేదు. రెండే చెప్పాను: ఈ రాత్రి స్మార్ట్‌ఫోను సొరుగులోకి, రేపు ఏడున్నరకు గట్టు మీదికి. ఆసుపత్రిలో ఫోను చూడడాన్ని తప్పుగా లెక్కించనే లేదు. భయంలో ఉన్న తల్లికి అది ఆసరా అయింది. భయం పోయాక కూడా ఉండిపోవడమే మేం సర్దుకోవలసింది. ఖాళీ, దిగులు ఈ రెండూ కలిసిన రోజులు ఆమెకు ప్రమాదమని ఇద్దరం అప్పుడు గుర్తించాం. లాక్‌డౌన్‌లోనూ ఆ రెండే కలిశాయి.

ఆరు నెలల తర్వాత

చివరి నెల డైరీలో నిద్ర సగటున 6 గంటల 35 నిమిషాలు. ఫోను రోజుకు 2 గంటల 20 నిమిషాలు, అందులో సగం పని. ఐఎస్ఐ 17 నుంచి 7కు, ఎస్‌ఏఎస్ 41 నుంచి 27కు, పీహెచ్‌క్యూ-9 తొమ్మిది నుంచి నాలుగుకు వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 5.8. ఇది నిద్ర వల్లనా, నడక వల్లనా, రాత్రి భోజనం గంటన్నర ముందుకు జరగడం వల్లనా అని విడదీయలేను. మెడనొప్పి వారానికోసారి వస్తుంది, అది మిషను వల్ల కూడా. ఒక్క మనిషి మీద చేసిన పని ఇది, ఈ అంకెల బరువు అంతవరకే.

కుదరనివి ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం గంటన్నర రీల్స్ చూస్తుంది, అది ఉండనివ్వమంది, ఉండనిచ్చాను. అత్తగారు ఇప్పటికీ గట్టు వైపు నుంచి వచ్చే కోడల్ని గుమ్మంలో నిలబడి చూస్తుంది. అయితే పుష్యంలో ఒకరోజు పక్కింటావిడ రాకపోతే, తనే చెప్పులు వేసుకుని వెంట వెళ్లిందట. నాలుగు అడుగులు వేసి మోకాళ్ల నొప్పులని వెనక్కి వచ్చేసిందట.

రానున్నది మాఘం, ఏడాదిలో బరువైన సీజన్. భర్తకు పగటి డ్యూటీ పడే సూచన కూడా ఉంది. అప్పుడు ఏడున్నరకు అతను ఇంట్లోనే ఉంటాడు, వేడి అన్నం అడుగుతాడు. ఆ గంటను ఎటు జరపాలో మాట్లాడుకోవడానికి పోయిన సిట్టింగుకు ఇద్దరినీ రమ్మన్నాను. అతను ఒక చిన్న కాగితం మీద తన డ్యూటీ వేళలు రాసుకుని వచ్చాడు. ఉదయం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా పాలు, కాఫీ తను చూసుకుంటానని అందులో ఉంది. పొద్దున్నే నడక ఆమెకు ఇష్టమో కాదో ఇంకా తెలియదు. నెల రోజులు చూస్తానంది. తర్వాతి అపాయింట్‌మెంట్ మాఘ పౌర్ణమి వెళ్లాక రాశాం.